ముక్కల కారుకు ముప్ఫై రెట్ల ధర ఎందుకు?

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ చూసినవారు మీలో చాలామంది ఉంటారు. చూడనివారి కోసం రెండు మాటలు చెబుతాను. నరసరావుపేటకు, చిలకలూరిపేటకు దగ్గర్లో ఉన్న ఈ కొండ మీద త్రికోటేశ్వరస్వామి ఆలయం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మొక్కుబడిగా ప్రభలు కట్టుకుని వస్తారు. వెదురు బొంగులతో కట్టి, రంగు కాగితాలు, బట్టలు, విద్యుద్దీపాలు అలంకరించిన ప్రభలు కొన్ని 80, 90 అడుగుల ఎత్తుంటాయి. రాత్రంతా కొండ కింద వెలుగే వెలుగు. ఆ వెలుగుకు అటూ ఇటూ బొమ్మల దుకాణాలు. మా బడి పిల్లలకు ప్రభల మీద ఎంత మోజో దుకాణాల మీదా అంతే.

ఒక తిరునాళ్ళలో మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు 60 రూపాయలు పెట్టి ప్లాస్టిక్ కారు కొన్నాడు. వెనక్కి లాగి వదిలితే రివ్వున పోతుంది. మర్నాడు దాన్ని బడికి తెచ్చాడు. అదే రోజు ఇంకొకడు హైదరాబాదు నుంచి మేనమామ తెచ్చిన పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. పెట్టె మీద అందమైన కారు బొమ్మ. తీరా తెరిస్తే లోపల కారు లేదు! ప్లాస్టిక్ పుల్లల చట్రాలకు అంటుకుని వందకు పైగా ముక్కలున్నాయి. వాటిని తుంచి, అరగదీసి, జిగురుతో అతికించి, రంగు వేసుకుంటే కారవుతుంది. పెట్టె ధర 1,800 రూపాయలు.

మొదటివాడు లేచి, "మాస్టారూ, చేసి ఇచ్చిన కారుకు 60, చెయ్యని కారుకు 1,800లా? ఇదెక్కడి లెక్క?" అన్నాడు. తరగతంతా గొల్లుమంది. నేనూ నవ్వాను గానీ, ఆ రోజు వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత చదివి, అడిగి, చివరికి చేతులు కాల్చుకుని తెలుసుకున్న సంగతులే ఇవి.

ముందు కొలత సంగతి

ఆ పెట్టె మీద 1:24 అని ఉంది. అసలు కారు పొడవులో 24వ వంతు అని అర్థం. మన అంబాసిడర్ కారునే తీసుకోండి. 2014 దాకా ఉత్తరపారా కర్మాగారంలో తయారైన ఆ కారు పొడవు దాదాపు 4.3 మీటర్లు. 24తో భాగిస్తే 18 సెంటీమీటర్లు. 1:43 అయితే 10 సెంటీమీటర్లు. 1:64 అయితే 7 సెంటీమీటర్ల లోపు, అంటే గుప్పెట్లో పట్టేస్తుంది.

మరి బరువు? ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తారు. పొడవు 24వ వంతయితే బరువు కూడా 24వ వంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గాయి కదా! కనుక ఘనపరిమాణం 24 × 24 × 24, అంటే 13,824వ వంతుకు పడిపోతుంది. అంబాసిడర్ బరువు సుమారు 1,100 కిలోలు. అదే ఇనుముతో, అదే పోలికలో 1:24 కారు చేస్తే 80 గ్రాములు తూగుతుంది. 1:43 అయితే 14 గ్రాములు కూడా ఉండదు.

నిజానికి అలా చెయ్యలేరు. కారు రేకు మందం ఒక మిల్లీమీటరు లోపే. దాన్ని 24తో భాగిస్తే మనకు దొరికే మామూలు కాగితం కన్నా పలచన. ప్లాస్టిక్‌తో అంత పలచని గోడ పొయ్యలేరు, పోసినా చెయ్యి తగిలితే చిట్లుతుంది. అందుకని నమూనా కారు తలుపులు, కప్పు కొలత ప్రకారం ఉండవలసినదాని కన్నా ఎన్నో రెట్లు మందంగా ఉంటాయి. బయటి కొలతలు నిజం, లోపలి మందం అబద్ధం.

ఈ 43లు, 24లు ఎక్కడివని మీకు సందేహం రావాలి. పెద్ద శాస్త్రమేమీ లేదు. ఇంగ్లండులో ఒక రకం బొమ్మ రైళ్ళను అడుగుకు 7 మిల్లీమీటర్ల లెక్కన చేసేవారు. అడుగంటే 304.8 మిల్లీమీటర్లు, దాన్ని 7తో భాగిస్తే 43.5. ఆ రైళ్ళ పక్కన పెట్టడానికి చేసిన కార్లకూ అదే కొలత వచ్చింది. అడుగుకు అరంగుళం అనుకుంటే 1:24. ఆరడుగులకు అంగుళం అనుకుంటే 1:72. జపానులో తమియా అనే సంస్థ 1960ల మొదట్లో ఒక యుద్ధ ట్యాంకు నమూనా చేసింది. లోపల మోటారు, రెండు బ్యాటరీలు పట్టేటట్టు దాని సైజు నిర్ణయిస్తే, లెక్కకు 1:35 తేలింది. బ్యాటరీ సైజును బట్టి పుట్టిన ఆ కొలతనే తర్వాత ఎందరో తయారీదారులు అనుసరించారు!

సరే, అసలు ప్రశ్నకు వద్దాం. ఆ పెట్టెలో ఉన్న ప్లాస్టిక్‌ను నేను మా లేబొరేటరీ త్రాసులో తూచాను. చట్రాలతో కలిపి 110 గ్రాములుంది. అది పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్. ముడిసరుకుగా దాని విలువ 20 రూపాయలు కూడా ఉండదు. మరి మిగతా 1,780 రూపాయలు ఎక్కడికి పోయాయి?

ఇడ్లీ రేకు చెప్పిన పాఠం

పాలిస్టైరీన్ గింజలను సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడిచేసి కరిగించి, గట్టి ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి చిమ్ముతారు. కొన్ని సెకన్లలో అది గట్టిపడుతుంది. అచ్చు రెండు భాగాలుగా విడిపోయి ముక్కలు బయటపడతాయి. మళ్ళీ మూసుకుంటుంది, మళ్ళీ చిమ్ముతారు. ముక్కలను కలిపి ఉంచే పుల్లల చట్రం ఉంది చూశారూ, అది కరిగిన ప్లాస్టిక్ ప్రవహించిన కాలువ.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్ళి ఇడ్లీ రేకు చూడండి. గుంట అడుగున ఇరుకు, పైకి వెడల్పు. అందుకే ఇడ్లీ ఊడి వస్తుంది. అదే చెంబులాగా లోపల వెడల్పు, మూతి ఇరుకు ఉంటే ఇడ్లీ ఉడుకుతుంది గానీ బయటికి రాదు. ఉక్కు అచ్చుకూ ఇదే నియమం. ప్రతి ముక్కా అచ్చు తెరుచుకునే దిశలో ఊడి రావాలి. కారు మొత్తం, లోపలి సీట్లు, స్టీరింగు, ఇంజను, చక్రాలతో సహా, ఒకే అచ్చులో పోస్తే అది ఎప్పటికీ బయటికి రాదు. అందుకని కారును విడివిడిగా ఊడివచ్చే ముక్కలుగా విడగొడతారు. కారు ఎంత నిజంగా కనబడాలంటే అన్ని ముక్కలు. తిరునాళ్ళ కారుకు పై తొడుగు, అడుగు, నాలుగు చక్రాలు, చిన్న స్ప్రింగు యంత్రం. అంతే. దాని సీట్లు కిటికీ మీద అంటించిన స్టిక్కరు!

ప్రతి ముక్కకూ ఉక్కులో ఒక గుంట చెక్కాలి. తలుపు పిడి, వైపరు పుల్ల, చక్రంలోని సన్నని గీతలు కూడా తిరగేసి చెక్కాలి. కొంత యంత్రంతో కోస్తారు, కొంత విద్యుత్ నిప్పురవ్వలతో కరిగిస్తారు, చివరికి చేత్తో మెరుగు పెడతారు. నెలల పని. అంతకు ముందు అసలు కారును కొలవాలి. తమియావారు 1970ల్లో పోర్షే కారు నమూనా చేయడానికి నిజం పోర్షేనే కొని, నట్టు నట్టూ విప్పేశారు. విప్పిన దాన్ని బిగించడానికి మాత్రం పోర్షే మెకానిక్కుల సాయం కావలసి వచ్చిందట! కారు కంపెనీ పేరు, రూపం వాడుకోవాలంటే ఆ కంపెనీ అనుమతి కావాలి, దానికి రుసుము కట్టాలి. పెట్టె మీది బొమ్మకు, అతికించే పద్ధతి చెప్పే కాగితాలకు వేరే ఖర్చు.

ఈ ఖర్చులన్నిటికీ ఒక లక్షణం ఉంది. ఒక్క పెట్టె అమ్మినా, లక్ష పెట్టెలు అమ్మినా ఇవి మారవు. వీటిని స్థిర వ్యయం అంటారు. ప్లాస్టిక్, టైర్లు, అట్టపెట్టె, కూలి లాంటివి పెట్టెల సంఖ్యతో పాటు పెరుగుతాయి. వాటిని చర వ్యయం అంటారు.

ఒక లెక్క వేసుకుందాం. అంకెలు నేను ఊహించినవి, పద్ధతి మాత్రం నిజం. అచ్చులకు, కొలతలకు, అనుమతులకు మొత్తం 75 లక్షలయింది. పెట్టె ఒక్కంటికి విడి ఖర్చు 250 రూపాయలు. 5,000 పెట్టెలు చేస్తే ఒక్కోదాని మీద పడే స్థిర వ్యయం 1,500, మొత్తం 1,750. 20,000 చేస్తే 375, మొత్తం 625. 50,000 చేస్తే 150, మొత్తం 400. 5 లక్షలు చేస్తే 15, మొత్తం 265.

గ్రాఫు కాగితం మీద అడ్డంగా పెట్టెల సంఖ్య, నిలువుగా ఒక్కోదాని స్థిర వ్యయం గుర్తించి చూడండి. ఆ వంపు మీకు కొత్త కాదు. బాయిల్ నియమంలో ఒత్తిడికి, ఘనపరిమాణానికి గీసినది అదే. అక్కడ రెండిటి లబ్ధం స్థిరం, ఇక్కడా అంతే. మొదట్లో వంపు నిట్టనిలువుగా పడిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. 5,000 నుంచి 20,000కు వెళితే ఒక్కోదాని మీద 1,125 రూపాయలు తగ్గింది. 50,000 నుంచి 5 లక్షలకు, అంటే పది రెట్లు పెంచినా తగ్గింది 135 మాత్రమే. 250 రూపాయల కిందికి ఎప్పటికీ రాదు.

మనవాడి పెట్టె 20,000 చేసిన రకమనుకుందాం. ఖర్చు 625, ఫ్యాక్టరీ అమ్మిన ధర 700. మన ప్రభుత్వం విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. ఈ శాతాలు బడ్జెట్టుతో మారుతుంటాయి కనుక 70 అనే అనుకుందాం. సుంకం 490 కలిస్తే 1,190. దిగుమతి చేసినవారి ఖర్చులు, లాభం నూటికి 15 వేసుకుంటే 1,370 దాకా వస్తుంది. దుకాణంవారు నూటికి 30 వేస్తే 1,780. ఇతర పన్నులు వదిలేశాను. పెట్టె ధరకు సరిగ్గా చేరువకు వచ్చాం. అంకెలను నేనే అటు నడిపించాననుకోండి, అది వేరే మాట.

తిరునాళ్ళ కారుకు? అచ్చులు 4 లక్షలు, చేసినవి 2 లక్షల కార్లు. ఒక్కోదాని మీద 2 రూపాయలు. విడి ఖర్చు 18. ఫ్యాక్టరీ ధర 25, టోకు వ్యాపారి ధర 32. మన దుకాణదారు 60 చెప్పి, బేరమాడితే 50కి ఇస్తాడు. వాడి లాభం చూసి కళ్ళు పెద్దవి చెయ్యకండి. స్థలం అద్దె, లారీ కిరాయి, రాత్రంతా జాగారం, తొక్కిసలాటలో పగిలినవి, పోయినవి, అన్నీ అందులోనే ఉన్నాయి.

చవక కోసం పుట్టిన ముక్కలు

ఇంకో వింత చూడండి. ముక్కలుగా అమ్మడం మొదలైంది ధర పెంచడానికి కాదు, తగ్గించడానికి. ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ అనే సంస్థ 1949లో ఫెర్గూసన్ ట్రాక్టరు నమూనా చేసింది. మొదట్లో కార్మికులు ముక్కలు అతికించి, ట్రాక్టరు కంపెనీ అమ్మకందార్లకు ఇచ్చేవారు. అతికించడానికి కూలి ఎక్కువైంది. ముక్కలనే అమ్మితే కూలి మిగులుతుంది కదా అని అలా దుకాణాలకు పంపారు. 1952లో గోల్డెన్ హైండ్ అనే ఓడ నమూనాను సంచీలో వేసి రెండు షిల్లింగులకు అమ్మితే విరగబడి కొన్నారు. ఫ్యాక్టరీలో ఒకరు కూలికి చేసే పనిని ఇంట్లో ఒకరు డబ్బిచ్చి, సంతోషంగా చేస్తున్నారన్నమాట. అతికించడమే ఆట అయింది.

అచ్చు డబ్బు తిరిగి రాకపోతే ఏమవుతుందో తమియా చరిత్ర చెబుతుంది. 1946లో అది జపానులోని షిజుఒకాలో కలప కోత మిల్లు. 1951లో అగ్నిప్రమాదంలో కలప తగలబడిపోయింది. కట్టడాల కలప వదిలి, చెక్క నమూనాలు చేసుకుంటూ బతికారు. ప్లాస్టిక్ నమూనాలు వచ్చాక చెక్కవి అడిగేవారు తగ్గారు. అప్పు చేసి 1960లో యమాటో యుద్ధనౌకకు అచ్చు చేయించారు. అదే సమయానికి పోటీ సంస్థ అదే ఓడను 350 యెన్లకు అమ్ముతోంది. వీళ్ళూ 350కే అమ్మక తప్పలేదు. ఆ ధరకు అచ్చు ఖర్చు కూడా రాలేదు. అప్పుడు ఇంకొకరు వాడి వదిలేసిన బొమ్మ అచ్చులు సంపాదించి, చిన్న రేసు కార్ల కిట్లు చేశారు. అచ్చు ఖర్చు దాదాపు లేదు కనుక అవి చవక, పిల్లలు ఎగబడ్డారు. అవే సంస్థను నిలబెట్టాయి.

పాత అచ్చుకు రెండో జన్మ ఉండడం మన దేశమూ చూసింది. ఇంగ్లండువారి డింకీ కార్ల పాత అచ్చులు 1960ల చివర కలకత్తా చేరాయి. వాటితో నిక్కీ టాయ్స్ పేరుతో ఇక్కడ కార్లు పోశారు. అచ్చు డబ్బు ఎప్పుడో వేరేవాళ్ళకు రాబట్టుకుపోయింది కదా, మనవాళ్ళకు లోహం, రంగు, కూలి మాత్రమే ఖర్చు.

పెద్దవాళ్ళు కూడా పడిపోయారు. 1953లో మ్యాచ్‌బాక్స్ కార్లు మొదలుపెట్టిన లెస్నీ సంస్థ ఎన్నో కోట్ల కార్లు అమ్మింది. 1968లో అమెరికా నుంచి హాట్‌వీల్స్ అనే వేగంగా దొర్లే కార్లు వచ్చేసరికి, తన కార్ల ఇరుసులూ చక్రాలూ అన్నీ మార్చుకోవలసి వచ్చింది. కొత్త స్థిర వ్యయం నెత్తిన పడింది. 1981లో ఎయిర్‌ఫిక్స్, 1982లో లెస్నీ దివాలా తీశాయి. ఆ పేర్లు ఇతరులు కొన్నారు, అచ్చులూ చేతులు మారాయి.

ఇక మన కొండపల్లి బొమ్మ సంగతి చూడండి. దానికి ఉక్కు అచ్చు లేదు. తెల్లపొణికి కర్రను ఉలితో చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల పిండితో చేసిన మక్కుతో భాగాలు అతికి, రంగు వేస్తారు. స్థిర వ్యయం ఉలి, కత్తి, ఆకురాయి. పదో బొమ్మకు ఎంత పనో పదివేలో బొమ్మకూ అంతే. గ్రాఫు గీస్తే వంపు ఉండదు, అడ్డగీతే. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ లక్కను అదిమిపెడితే, రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. అక్కడ పని వేగం, కానీ అడ్డగీతే. ఎక్కువ చేస్తే ధర దిగదు. అందుకే తిరునాళ్ళలో ప్లాస్టిక్ కారు పక్కన కొయ్యబండి ఓడిపోతుంది. కానీ ఇందులో ఒక భద్రత ఉంది. ఇరవై బొమ్మలే చేసి ఆపినా కొండపల్లి కళాకారుడికి అచ్చు అప్పు మిగలదు.

ఈ రెండిటికీ మధ్య దారులూ ఉన్నాయి. సిలికాన్ రబ్బరుతో అచ్చు చేసి రెసిన్ పోసేవారున్నారు. అచ్చు చవక గానీ, కొన్ని పదుల ముక్కలకే పాడైపోతుంది. ఇప్పుడు 3డి ప్రింటరు వచ్చింది. అచ్చే అక్కర్లేదు, కానీ ఒక్కో ముక్కకు గంటలు పడుతుంది. చూడ్డానికి అతి కొత్త యంత్రం, లెక్కకు మాత్రం కొండపల్లి ఉలికి దగ్గర చుట్టం.

మా ప్రభ కిట్టు

ఈ పాఠమంతా చెప్పాక మా పిల్లలు ఊరుకోలేదు. "మనమూ ఒక కిట్టు చేసి తిరునాళ్ళలో అమ్ముదాం సార్" అన్నారు. కారు మన వల్ల కాదు. ప్రభ అయితే? 90 అడుగుల ప్రభను 1:72లో చేస్తే అడుగుంబావు, అంటే 15 అంగుళాలు. ఆరడుగుల మనిషి దాని పక్కన అంగుళం ఉంటాడు. వెదురు పుల్లలు, కోతగీతలు అచ్చువేసిన అట్ట, రంగు కాగితాలు, దారం, అతికించే పద్ధతి చెప్పే కాగితం, అన్నీ ఒక సంచీలో.

ఖర్చు రాసుకున్నాం. అట్టకు అచ్చు తయారీ, ఎన్ని వేసినా, 1,800. పుల్లలు ఒకే కొలతకు కోయడానికి ఇనుప గట్టు 600. స్థిర వ్యయం 2,400. సంచీ ఒక్కంటికి విడి ఖర్చు 30. అరవై చేస్తే ఒక్కోటి 70 పడుతుంది. 240 చేస్తే 40 పడుతుంది. 50కి అమ్మితే సంచీకి 10 లాభం, మొత్తం 2,400! బల్ల మీద ఆ అంకె చూసి పిల్లల కళ్ళు మెరిశాయి. 240 అన్నది ఎవరో కాదు, నేనే.

కావలసింది 9,600. నలభై మంది తలా వంద వేసుకుంటే 4,000 అయింది. మిగతా 5,600 ఒక అమ్మాయి వాళ్ళమ్మ తన పొదుపు సంఘంలో నెలకు నూటికి రూపాయి వడ్డీకి తీసుకుని ఇచ్చింది. ఆమె పొలం పనికి వెళ్ళే మనిషి. "పిల్లల చదువు పనేగా మాస్టారూ" అంది.

రెండు వారాలు సాయంత్రాలు కూర్చుని పిల్లలు 240 సంచీలు సిద్ధం చేశారు. శివరాత్రి నాడు దుకాణం పెట్టాం. రాత్రి పదింటి దాకా బాగానే పోయాయి. ఆ తర్వాత ప్రభల దీపాలు వెలిగాయి. జనం తలలు పైకెత్తి నడుస్తుంటే, కింద పరచిన మా సంచీలను చూసేవాడెవడు? తెల్లవారేసరికి అమ్మినవి 130. మిగిలినవి 110.

వచ్చింది 6,500. పోయింది 9,600. తేడా 3,100. నా తప్పు ఎక్కడుందో చూశారా? స్థిర వ్యయాన్ని చేసినవాటి సంఖ్యతో భాగించాను. అమ్ముడయ్యేవాటి సంఖ్యతో భాగించాలి. అంతే కాదు, అమ్ముడవనివాటి విడి ఖర్చునూ అమ్ముడైనవే మోయాలి. 9,600ను 130తో భాగించండి. ఒక్కో సంచీ మాకు నిజంగా పడ్డది 73 రూపాయల 85 పైసలు. దాన్ని మేం 50కి అమ్మాం. ముందు అరవై చేసి చూసి ఉంటే ఈ బాధ లేకపోను.

ముందుగా ఆ తల్లి 5,600 ఆమెకు ఇచ్చేశాం. మిగిలిన 900 పంచితే తలా 22 రూపాయల 50 పైసలు. ఒకరిద్దరు పిల్లలు ఇంట్లో మాట పడ్డారని తర్వాత తెలిసింది. సంచీలు లేబొరేటరీ బీరువాలో చేరాయి.

మరుసటి ఏడు శివరాత్రికి నెల ముందు, తిరునాళ్ళలో దుకాణం పెట్టే బొమ్మల వ్యాపారి ఒకాయన ఆ 110 సంచీలూ ఒక్కోటి 25కి ఇస్తారా అని అడిగాడు. "40 పడ్డదాన్ని 25కి ఎలా ఇస్తాం?" అని పిల్లలు పోట్లాడారు. నిజానికి ఆ 40 అయిపోయిన ఖర్చు. అమ్మినా అమ్మకపోయినా తిరిగి రాదు. ఇప్పుడు ఆలోచించవలసింది ఒక్కటే, బీరువాలోని సంచీ ఇక ముందు ఎంత తేగలదు? అప్పు తెచ్చిన తల్లి కూతురు లేచి, "సార్, 110 ఆయనకిస్తే 2,750. మనమే 50కి అమ్మితే 55 అమ్మితే చాలు, అంతే వస్తుంది. పోయినేడు 130 అమ్మాం కదా" అంది. ఇంకొకడు, "కాగితం రంగు వెలిసింది, ఈసారి 55 కూడా పోకపోతే?" అన్నాడు. ఇద్దరిదీ సబబే. చివరికి 60 ఆయనకిచ్చాం, 50 మా దగ్గర ఉంచుకున్నాం. ఈసారి దుకాణం సాయంత్రమే తెరిచి, దీపాలు వెలగకముందే అమ్మడానికి చూశాం. యాభైయ్యీ పోయాయి.

60కి 1,500, 50కి 2,500, మొత్తం 4,000. పోయినేటి నష్టం 3,100 తీసేస్తే 900 లాభం. చప్పట్లు కొట్టబోతుంటే ఆ అమ్మాయే బల్ల దగ్గరికి వచ్చి, కింద ఒక వరస రాసింది: "వడ్డీ 56." వాళ్ళమ్మ ఆ నెల సంఘానికి కట్టినది. ఎవరమూ అడగలేదు, ఆమె చెప్పలేదు. అది తీసేస్తే 844. నలభై మందికి తలా 21 రూపాయల 10 పైసలు.

ఒక్కొక్కరు ఎన్ని గంటలు కూర్చున్నారో అప్పుడు లెక్క వేశాం. సగటున 15. గంటకు రూపాయి నలభై పైసలు. ఇనుప గట్టు ఇంకా బీరువాలోనే ఉంది, అట్ట అచ్చు ప్రెస్సువాళ్ళు దాచి ఉంచారు. ఈసారి చేస్తే మాకు విడి ఖర్చు 30 మాత్రమే. గంటకు కనీసం 20 రూపాయలైనా రావాలంటే, సంచీకి రెండున్నర గంటల పని ఉందనుకుంటే, ధర ఎంత పెట్టాలి? ఆ ధరకు తిరునాళ్ళలో ఎందరు కొంటారు? మొదటి ప్రశ్నకు జవాబు మీరు పలక మీదే తేల్చవచ్చు. రెండోదానికి మాత్రం మేం ఈసారి పది సంచీలు చేసి, ఆదివారం నరసరావుపేట బజారులో పెట్టి చూడబోతున్నాం.